ఇరు చేతుల పాట: యొహాన్ సెబాస్టియన్ బాఖ్ జీవితము



ఈ నెల మీ కుటుంబ ప్రార్థనలలో పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయమును చదువుకొనుడి. వాద్యము ఎంత గట్టిగా మ్రోగినను, ఏ స్వరము ఏదో విడివిడిగా తెలియనిచో విన్నవారికి ప్రయోజనము లేదను సంగతి 7వ వచనములో కలదు. అపొస్తలుడు అక్కడ భాషలనుగూర్చి చెప్పుచున్నాడు గాని, ఆ వచనము చదివినప్పుడెల్ల నాకు మా గుడిలోని కీబోర్డు జ్ఞాపకము వచ్చును.

ఇప్పుడు కీబోర్డు లేని గ్రామ సంఘము అరుదు. మా దూలపల్లిలోను ఒకటి యున్నది. దానిని వాయించు కుఱ్ఱవాడు ఇంటర్మీడియట్ చదువుచున్నాడు. ఎడమచేతితో ఒక మీట నొక్కి పట్టుకొనును. తాళమంతయు యంత్రమే వేయును. కుడిచేయి మాత్రము పని చేయును. ఆ మ్రోతలో కీర్తన రాగము అందక పెద్దలు మధ్యలోనే పాడుట మానుకొందురు. నిరుటి సంవత్సరము ఒక పెద్దమ్మ, ఆ పెట్టెను మూసివేయించుడి, లేనియెడల నేను వెనుక వరుసలో కూర్చుందునని నాతో చెప్పెను. కుఱ్ఱవాడు వినెను. రెండు ఆదివారములు గుడికి రాలేదు. పిమ్మట ఒక సాయంకాలము ఇంటికి వచ్చి, అయ్యగారూ, రెండు చేతులతో వాయించుట నేర్చుకొనవలెనంటే ఎవరిని వినవలెనని అడిగెను.

నాకు వాద్యము రాదు. వేదాంత పాఠశాలలో మాకు సంగీతము చెప్పిన ఉపాధ్యాయుడు బాఖ్ పేరు పలుమారు పలికిన జ్ఞాపకము మాత్రము ఉండెను. బాఖ్‌ను వినుమంటిని. అతడు ఫోనులో వెదకగా అవే పాటలు వందలకొలది మంది వాయించిన రికార్డులు కనబడెను. ఎక్కువమంది మెచ్చినదే మంచిదై యుండునని తలంచి దానిని వినుమంటిని. అది మిక్కిలి వేగముగా వాయించినది. అబ్బాయి విని, ఇది మనుష్యుల వ్రేళ్లకు సాధ్యమగునది కాదని చెప్పి, నెల దినములు కీబోర్డు ముట్టలేదు. ఆ తప్పు నాదే. అప్పుడు నేను బాఖ్ జీవితమును శ్రద్ధగా చదువ మొదలుపెట్టితిని. ఏ రికార్డు ఎన్నుకొనవలెనో ఆ జీవితములోనే తెలిసినది.

బాఖ్ 1685లో జర్మనీ దేశములోని ఐజెనాఖ్ పట్టణమున జన్మించెను. మార్టిన్ లూథరు బాలుడై చదువుకొనిన ఊరది. తొమ్మిదవ యేట తల్లియు, మరుసటి సంవత్సరము తండ్రియు చనిపోయిరి. ఓర్‌డ్రుఫ్ అను ఊరిలో గుడి ఆర్గను వాయించు పెద్దన్న అతనిని పెంచెను. అన్న దాచియుంచిన సంగీత గ్రంథమును బాలుడు అల్మారా సందులో చేయి దూర్చి తీసి, రాత్రులయందు వెన్నెల వెలుతురున ఆరు మాసములు నకలు వ్రాసికొనెననియు, అన్న కనిపెట్టి ఆ నకలును లాగికొనెననియు అతని మరణానంతరము కుమారుడు మొదలైనవారు వ్రాసిన చరిత్రలో ఉన్నది. ఇరువదియవ యేట, ల్యూబెక్ పట్టణములోని బుక్స్‌టెహుడె అను వృద్ధుడైన ఆర్గను విద్వాంసుని వినుటకై, దాదాపు 400 కిలోమీటర్లు కాలినడకను పోయెను. మనము ఇక్కడనుండి రాజమండ్రి దాక నడచినట్లే. నాలుగు వారముల సెలవు తీసికొని నాలుగు మాసములకు తిరిగివచ్చెను గనుక గుడి పెద్దలు చీవాట్లు పెట్టిరి. వారియందు నాకు కోపము లేదు. వాయించువాడు లేని ఆదివారములు ఎట్లుండునో నేనెరుగుదును.

తరువాత పలు ఊళ్లలో కొలువు చేసి, 1717లో కోతెన్ సంస్థానమునకు చేరెను. అక్కడి ప్రభువు కాల్విను మతానుసారి. ఆ మతమువారి ఆరాధనలో పెద్ద సంగీతమునకు చోటు లేదు. అందుచేత బాఖ్‌కు గుడి పని తగ్గి, మీటల వాద్యములకును తీగల వాద్యములకును వ్రాయుటకు తీరిక దొరకెను.

1720వ సంవత్సరము జనవరి 22వ తేదీన అతడు తొమ్మిదేండ్ల పెద్దకుమారుడు విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్ కొరకు ఒక చిన్న పుస్తకము ప్రారంభించెను. మొదట స్వరముల పేర్లు, పిమ్మట గమకముల గుర్తులు, ఆ పిమ్మట ఏ స్వరమునకు ఏ వ్రేలు పెట్టవలెనో చూపు అభ్యాసము. ఆ వ్రేళ్ల పాఠము శిరస్సున యేసు నామమున అను అర్థముగల మూడక్షరములు వ్రాసెను. గొప్ప ఆరాధన గీతములకు ఇట్టి గుర్తులు పెట్టుట మనకు వింతగా తోచదు. పిల్లవాని వ్రేళ్ల అభ్యాసమునకు పెట్టెను, చూడుడి.

ఆ సంవత్సరమే జూలై మాసమున బాఖ్ తన ప్రభువుతో కార్ల్స్‌బాద్ వెళ్లియుండగా ఇంటివద్ద భార్య మరియా బార్బరా చనిపోయెను. తిరిగివచ్చి గడపలో అడుగుపెట్టు నాటికి సమాధి కార్యక్రమము కూడ అయిపోయెను. పుస్తకము మాత్రము ఆగలేదు. తల్లిలేని ఆ బాలుని కొరకే అందులో రెండేసి స్వరముల చిన్న పాఠములు చేరెను. 1723లో బాఖ్ వాటిని సవరించి, రెండు స్వరముల పాఠములు 15, మూడు స్వరముల పాఠములు 15 శుభ్రముగా తిరుగ వ్రాసెను. మొదటివాటిని ఇన్వెన్షనులు అందురు. రెండు చేతులును స్పష్టముగా వాయించుట, ముఖ్యముగా పాడునట్లు వాయించుట నేర్పుటకే వీటిని వ్రాసితినని ముఖపత్రమున తెలిపెను. ఒక్కొక్కటి వాయించుటకు ఒకటి రెండు నిమిషములు పట్టును.

ఈ పాఠములలో ఎడమచేయి దాసి కాదు. మొదటి పాఠములో కుడిచేయి ఒక చిన్న మాట పలుకును. అది ముగియునంతలో ఎడమచేయి అదే మాట అందుకొనును. ఇద్దరు స్త్రీలు ఒకే రోట రోకళ్లు వేయునప్పుడు ఒకరిది లేచుచుండగా ఒకరిది దిగునే, అట్లుండును. ఒకరి రోకలి ఒకరికి తగులదు.

1723లోనే బాఖ్ లైప్‌జిగ్ పట్టణమునకు వెళ్లి, సెయింట్ థామస్ పాఠశాలలో బాలురకు సంగీతము నేర్పుచు, ఆ పట్టణపు గుళ్ల ఆరాధన సంగీతము నడిపించుచు, మరణమువరకు 27 ఏండ్లు అక్కడనే యుండెను. ఇద్దరు భార్యలవలన ఇరువదిమంది పిల్లలు కలుగగా పదిమంది మాత్రమే పెరిగి పెద్దవారైరి.

ఇక్కడ తెలుగు క్రైస్తవులు తెలిసికొనదగిన సంగతి ఒకటి కలదు. లైప్‌జిగ్‌కు 35 కిలోమీటర్ల దూరమున హాలె పట్టణమున్నది. మద్రాసులో తెలుగు నేర్చి సువార్తపని చేసిన బెంజమిన్ షుల్జ్ పాదిరిగారు 1743లో స్వదేశమునకు మరలి, 1746లో ఆ హాలెలోనే తెలుగు అక్షరములతో మొదటి పుస్తకములు అచ్చువేయించెను. అదే 1746లో, అదే హాలెలో, పెద్ద గుడికి ఆర్గను వాయించువాడుగా వచ్చినది ఈ ఫ్రీడెమానే. మన అక్షరములు మొదట అచ్చుపడిన ఊరిలో, ఆ పాఠములు నేర్చిన చేతులు ఆదివారమున ఆరాధన నడిపించుచుండెను.

ఆ కుమారుని కథ సుఖాంతము కాదు. హాలె పని విడిచి, తండ్రి వ్రాతప్రతులను అమ్ముకొని, 1784లో బెర్లినులో బీదవాడై చనిపోయెను. తండ్రి చివరి దినములును కష్టమైనవే. చూపు తగ్గగా 1750లో రెండుమార్లు కంటికి శస్త్రచికిత్స చేయించుకొని, పూర్తిగా అంధుడై, జూలై 28న కన్నుమూసెను. రెండవ భార్య ఆన్నా మాగ్దలేనా భర్త పాటలను తన చేతితో ఎన్నో నకలు వ్రాసిన స్త్రీ. ఆమె పదేండ్ల తరువాత ధర్మసహాయము మీద బ్రతుకుచు చనిపోయెను. అతని ఆరాధన సంగీతము చాలమట్టుకు మరువబడెను. మీటల పాఠములు మాత్రము శిష్యుల ఇండ్లలో చేతివ్రాతలుగా ఉండుటచే నిలిచెను.

ఇక రికార్డుల మాట. బాఖ్ ఈ పాటలను పియానో కొరకు వ్రాయలేదు. అప్పటికి పియానో క్రొత్తది. అతని ఇంట ఉండినది తీగను ఈకముల్లుతో మీటు హార్ప్సికార్డు, మెల్లని స్వరముగల క్లావికార్డు. కాబట్టి రెండు విధములైన రికార్డులును దొరకును. వాండా లాండోవ్‌స్కా 1933లో పారిసులో గోల్డ్‌బెర్గ్ వేరియేషనులు అను పెద్ద కృతిని హార్ప్సికార్డుపై వాయించెను. ఆ స్వరము మన వీణ మీటునకు దగ్గర. అదే కృతిని కెనడావాడైన గ్లెన్ గూల్డ్ పియానోపై 1955లో, తన 22వ యేట, 38 నిమిషములలో ముగించెను. 1981లో మరల వాయించినప్పుడు 51 నిమిషములు పట్టెను. కొంత భేదము కొన్ని భాగములను రెండుసార్లు వాయించుటవలన కలిగినది, మిగిలినది నెమ్మదివలన. వాయించుచు తానును కూనిరాగము తీయుట ఆయన అలవాటు. అది రికార్డులో వినబడును. మా పెద్దలకు అది నచ్చెను. ఒకే మనిషి ఒకే పాటను ఇంత వేరుగా వాయించెను గనుక, ఇదొక్కటే సరియైనదని నేను చెప్పజాలను.

అయినను నేర్చుకొనువాడు వేగమును చూచి ఎన్నుకొనరాదు. కన్నులు మూసికొని వినవలెను. ఎడమచేయి ఎప్పుడు మాట అందుకొన్నదో చెప్పగలిగితే ఆ రికార్డు మంచిది. చెప్పలేకపోతే ఎంతమంది మెచ్చినను ప్రక్కన పెట్టవలెను. పెద్ద కృతితో మొదలుపెట్టరాదు. నేను అబ్బాయికి రెండవసారి చూపినది ఆండ్రాష్ షిఫ్ పియానోపై వాయించిన ఇన్వెన్షనులు. అందులో తొందర లేదు. మూడవ పర్యాయము వినునప్పుడు కుఱ్ఱవాడు, ఇదిగో ఇక్కడ ఎడమచేయి వచ్చినదని తానే వ్రేలు ఎత్తెను.

వినుట కొరకే వినగోరువారికి వేరొకటి చెప్పుదును. రుమేనియావాడైన దీను లిపాత్తి అను పియానో విద్వాంసుడు మరణకరమైన వ్యాధితో నున్నవాడై, 1950 సెప్టెంబరులో ఫ్రాన్సులోని బెజాన్సోన్ పట్టణమున తన చివరి కచేరి చేసెను. అందులో మొదట బాఖ్ మొదటి పార్టీటాను వాయించెను. డిసెంబరులో, 33వ యేట, చనిపోయెను. ఆ రికార్డు ఉన్నది. రోగియొక్క చేయి అని ఎక్కడను తెలియదు.

ఇప్పుడు మా కుఱ్ఱవాడు తాళపు మీట ఆర్పివేసి, మొదటి ఇన్వెన్షను సగము వాయించుచున్నాడు. ఏడవ గీతవద్ద ఎడమచేయి తడబడుచునే యున్నది. ఆదివారమున కీర్తనలకు ఎడమచేతితో ఒక్కొక్క స్వరమే కలుపుచున్నాడు. పెద్దమ్మ ఇంకను వెనుక వరుసలోనే కూర్చుండుచున్నది గాని చివరి చరణము వరకు పాడుచున్నది. ఈ రికార్డులు వినగోరువారు బుధవారపు ప్రార్థన ముగిసిన పిమ్మట గుడిలో ఉండుడి. అబ్బాయి తన ఫోను తెచ్చును.