బొమ్మ ఆమెది, బేరం ఇంకొకరిది

గాలికి ఎగిరే తెల్లగౌను, బంగారు రంగు జుట్టు, సగం మూసిన కళ్లు. మార్లిన్ మన్రో సినిమా ఒక్కటీ చూడనివాళ్లు కూడా ఆ బొమ్మను ఇట్టే గుర్తుపడతారు. కాఫీ కప్పుల మీద, బనియన్ల మీద, సెంటు ప్రకటనల్లో ఆమె నవ్వు ఇప్పటికీ అమ్ముడుపోతూనే ఉంది. మరి ఆ నవ్వులో ఆమెకు దక్కిందెంత?

1926 జూన్ 1న లాస్ ఏంజెలిస్‌లో పుట్టినప్పుడు ఆమె పేరు నోర్మా జీన్. తండ్రి అండ లేదు. తల్లి గ్లాడిస్ స్టూడియోలో ఫిల్ములు కత్తిరించి అతికే పని చేసేది. ఆమెకు మతి చలించి ఆస్పత్రి పాలైతే, పాపం, పిల్ల పరాయి ఇళ్లలోనూ అనాథాశ్రమంలోనూ పెరిగింది. 16 ఏళ్లకే పెళ్లి. యుద్ధకాలంలో భర్త ఓడ ఎక్కి వెళ్లాడు, తను ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. అక్కడికొచ్చిన సైనిక ఫోటోగ్రాఫర్ కంట పడి మోడల్ అయింది. 1946లో స్టూడియో ఒప్పందం, కొత్త పేరు వచ్చాయి. ఏడాది తిరిగేసరికి ఆ స్టూడియో వద్దు పొమ్మంది.

1949లో చేతిలో డబ్బు లేక ఒక క్యాలెండరు కోసం బట్టల్లేకుండా ఫోటో దిగింది. ముట్టింది 50 డాలర్లు. కాగితం మీద వేరే పేరుతో సంతకం చేసింది. మూడేళ్లకి సంగతి బయటపడింది. కాదని బుకాయించమన్నారు స్టూడియోవాళ్లు. ఆమె వినలేదు. డబ్బు అవసరమై చేశానని ఒప్పేసుకుంది.

1953 డిసెంబరులో హ్యూ హెఫ్నర్ అనే కుర్రాడు 500 డాలర్లకు ఆ ఫోటో హక్కు కొని, ప్లేబాయ్ మొదటి సంచికలో వేశాడు. 50 వేలకు పైగా కాపీలు చెల్లాయి. పత్రిక నిలదొక్కుకుంది. మార్లిన్‌ను అడిగినవారూ లేరు, ఒక్క డాలరు ఇచ్చినవారూ లేరు. సంతకం అయిపోయింది కదా!

అలాగని ఆమె ఊరుకునే మనిషి కాదు. స్టూడియో ఇచ్చే పాత్రలూ జీతమూ నచ్చక న్యూయార్క్ వెళ్లి, ఫోటోగ్రాఫర్ మిల్టన్ గ్రీన్‌తో కలిసి సొంత నిర్మాణసంస్థ పెట్టింది. చివరకు స్టూడియోనే దిగివచ్చింది. కానీ 1962 ఆగస్టులో, 36 ఏళ్లకే కన్నుమూసింది.

వీలునామాలో తల్లి పోషణకు ఏర్పాటు చేసి, మిగిలిన ఆస్తిలో పెద్దవాటా నటన నేర్పిన లీ స్ట్రాస్‌బర్గ్‌కు రాసింది. 1982లో ఆయన పోయాక అది ఆయన భార్య అన్నాకు చేరింది. మార్లిన్ పోయిన తర్వాత ఆయన చేసుకున్న భార్య ఆమె. ఇటు వారసులు, అటు ఫోటోలు తీసినవాళ్ల కుటుంబాలు బొమ్మ మాదంటే మాదని కోర్టుకెక్కారు.

చనిపోయినవారి రూపం మీద వారసులకు హక్కు ఉందంటుంది కాలిఫోర్నియాలో తర్వాత వచ్చిన చట్టం. న్యూయార్క్‌లో అప్పటికి అలాంటి హక్కు లేదు. మరి మార్లిన్ ఎక్కడి మనిషి? కాలిఫోర్నియా పన్ను తప్పించుకోవడానికి ఆమె న్యూయార్క్ నివాసి అని ఆస్తి చూసినవాళ్లే ఎప్పుడో చెప్పి ఉన్నారు. ఆ మాటే మెడకు చుట్టుకుంది. వారసులకు ఆ హక్కు లేదని 2012లో అప్పీలు కోర్టు తేల్చేసింది. 2021లో న్యూయార్క్‌లోనూ చట్టం అమల్లోకి వచ్చింది కానీ, అంతకు ముందు పోయినవారికి అది వర్తించదు.

బతికుండగా ఆమెను ఒక్కసారీ కలవని హెఫ్నర్, 1992లో ఆమె సమాధి పక్కనే 75 వేల డాలర్లకు చోటు కొన్నాడు. 2017లో అక్కడే పూడ్చారు. దానికీ ఆమెను అడిగే వీల్లేదు.

మనం సినిమాతారలం కాకపోవచ్చు. కానీ మన పెళ్లిఫోటో స్టూడియో అద్దాల్లో, మన అమ్మాయి ముఖం బట్టల షాపు బోర్డు మీద కనబడే రోజులివి. ఆ ఫోటో ఎక్కడ వాడతారు, ఎన్నాళ్లు వాడతారు అన్నది ముందే అడిగి రాయించుకోండి. సంతకం ఆ తర్వాతే.