ఎవరెస్టు కొలత కడ్డీలు

ఏలూరు, తాడేపల్లిగూడెముల మీదుగా పోవు రైలుదారిలో పూర్వము పట్టాకును పట్టాకును నడుమ చిన్న సందు విడిచెడివారు. రోహిణి కార్తె ఎండలకు పట్టాలు సాగి వంకరపోకుండుటకే ఆ సందు. రైలుదారికి సందు విడిచిన చాలును. నేలను కొలుచు గొలుసే ఎండకు సాగినచో ఆ కొలతను నమ్ముట యెట్లు? ఈ చిక్కుతో చిరకాలము పెనగులాడినవాడు జార్జి ఎవరెస్టు. మనము మాత్రము ఆయనను ఒక హిమాలయ శిఖరము పేరుగానే యెరుగుదుము.

ఎవరెస్టు 1790 జూలై 4న జన్మించెను. 1806లో ఈస్టిండియా కంపెనీ ఫిరంగిదళమున చేరి భారతదేశమునకు వచ్చెను. 1818లో హైదరాబాదున లాంబ్టను దొరకు సహాయకుడయ్యెను. లాంబ్టను దేశమును త్రికోణములుగా విభజించి కొలుచుచుండెను. కొల్లేటికి ఎగువన, కృష్ణా గోదావరుల నడిమి అడవులను కొలుచు పని ఎవరెస్టుపై పడెను. అచ్చటి మన్యపు జ్వరము ఆయనను, పరివారమును పడగొట్టెను. 1820లో ఆరోగ్యమునకై దక్షిణాఫ్రికాకు పోవలసివచ్చెను. 1823లో లాంబ్టను మరణింపగా ఆ భారమంతయు ఆయనదే అయ్యెను. అవయవములు స్వాధీనము తప్పినను, సేవకులు ఎత్తి కూర్చుండబెట్టగా పరికరములో చూచి లెక్కలు వ్రాసికొనెను. 1825లో ఇంగ్లండునకు మరలెను.

త్రికోణముల లెక్కయంతయు ఆధారరేఖ పొడవుపై నిలిచియుండును. లాంబ్టను దానిని నూరడుగుల ఉక్కుగొలుసుతో కొలిచెడివాడు. ఏడు మైళ్ళ రేఖపై గొలుసు పది సెంటీగ్రేడు డిగ్రీలు వేడెక్కినచో లెక్క నాలుగడుగులకు పైగా తప్పును. అందుచే గొలుసును డేరాల నీడనుంచి, ప్రక్కన ఉష్ణమాపకములు పెట్టి, సాగినంత మేర సవరించెడివారు. కాని ఉష్ణమాపకము తన వేడినే చెప్పును. లోహపు వేడి వేరు. ఎండలో విడిచిన ఇత్తడిబిందెను తాకి చూచినవారికి ఈ భేదము తెలియును.

ఐర్లండు సర్వేకై కోల్బీ యను అధికారి కల్పించిన కడ్డీలను చూచి, ఎవరెస్టు అట్టివానినే చేయించి 1830లో వెంట తెచ్చెను. పదేసి యడుగుల ఇనుప కడ్డీయు ఇత్తడి కడ్డీయు ప్రక్కప్రక్కన నుండి నడుమ బిగింపబడి యుండును. రెండు కొనలయందును వానిని కలుపుచు ఒక్కొక్క ఉక్కు నాలుక ఇనుము వైపున పొడుచుకొని వచ్చును. వేడికి ఇత్తడి హెచ్చుగా సాగి నాలుకను వాల్చును. ఇనుము నాలుకను ఎంత వెలుపలికి త్రోయునో, ఆ వాలు దాని కొనను అంత లోనికి లాగును. కావున నాలుకల కొనలనున్న చుక్కల నడిమి దూరము మారదు. లోహము తప్పును లోహమే దిద్దుట! ఇందును లోటు లేకపోలేదు. రెండు లోహములు సమముగా వేడెక్కిననే లెక్క కుదురును. అందుచే ఈ కడ్డీలకును డేరాల నీడ తప్పలేదు.

వీనితో 1831-32లో కలకత్తావద్ద, 1834-35లో డెహ్రాడూనువద్ద ఆధారరేఖలను కొలిచెను. తాను మునుపు గొలుసుతో కొలిచిన సిరోంజు రేఖను సైతము నమ్మక 1837-38లో మరల కొలిచెను. ఆ రెండు చోట్ల నడుమ నాలుగువందల మైళ్ళకు పైగా దూరము. అంత దూరము త్రికోణములు నడిపి గణించిన డెహ్రాడూను రేఖకును, కడ్డీలతో కొలిచిన రేఖకును వచ్చిన భేదము ఇంచుమించు ఏడంగుళములు!

1843లో ఆయన పదవి విడిచి స్వదేశమునకు వెళ్ళెను. కడ్డీలతోడి పని ఇచ్చట ఆగలేదు. 1862-63లో విశాఖపట్టణమువద్ద ఆధారరేఖను ఆ విధముననే కొలిచిరి. 1865లో శిఖరమునకు ఎవరెస్టు పేరు స్థిరపడెను. అది ఆయనకు ఇష్టము లేని పని. 1866 డిసెంబరు 1న ఆయన మరణించెను.