ఆర్గన్ కళాకారుడు ఫ్యాట్స్ వాలర్

మన సంఘములలో హార్మోనియం విలువ ఎరిగిన మేము ఫ్యాట్స్ వాలర్ జీవితమును తలచుకొనుచున్నాము. 1904లో న్యూయార్కులో జన్మించిన ఈ నల్లజాతి కళాకారుని తండ్రి బాప్టిస్టు బోధకుడు. పదేండ్ల ప్రాయముననే బాలుడు తండ్రి జరిపే ఆరాధనలలో ఆర్గన్ వాయించాడు. కుమారుడు బోధకుడు కావలెనని తండ్రి ఆశ. కుమారుని మనసు జాజ్ సంగీతముపై.

1926లో విక్టర్ కంపెనీవారు కామ్డెన్ పట్టణములో పైపు ఆర్గన్‌పై ఆయన జాజ్ వాదనమును రికార్డు చేశారు. మీట నొక్కిన తరువాత కొంత ఆలస్యముగా పలికే ఆ వాద్యముపై చురుకైన లయ నిలుపుట కష్టము, ఆయన నిలిపారు. ఆ స్టూడియో ఒకప్పటి బాప్టిస్టు దేవాలయమే.

లోకము ఆయనను పియానో వాయించుచు నవ్వించేవానిగానే ఎక్కువగా ఎరుగును. అయినను 1938లో లండనులో తన జాతివారి భక్తిగీతములను ఆర్గన్‌పై రికార్డు చేశారు. 1943 డిసెంబరు 15న, 39వ ఏట, రైలు ప్రయాణములో న్యుమోనియాతో కన్నుమూశారు. బోధకుడు కాకపోయినను, తండ్రి చెంత నేర్చినది ఆయన విడువలేదని మా తలంపు.