తుపాకుల శిల్పి బ్రౌనింగు

అమెరికాలోని యూటా ప్రాంతమున, ఆగ్డెన్ అను ఊరిలో, 1855లో జాన్ మోజెస్ బ్రౌనింగు జన్మించెను. తండ్రి జోనతాన్ తుపాకులు చేయు పనివాడు. ఆ కొలిమి చెంతనే కొడుకు ఆకురాయి పట్ట నేర్చెను.

ఒక్క తూటాను మాత్రమే పట్టు రైఫిలునొకదానిని అతడు సొంతముగ రూపొందించి, 1879 మే నెలలో, ఇరువదినాలుగేండ్ల ప్రాయమున, పేటెంటుకై దరఖాస్తు చేసెను. అక్టోబరులో హక్కు లభించెను. దానిని చూచు భాగ్యము తండ్రికి లేకపోయెను. జూనులోనే ఆయన కన్నుమూసెను.

ఆ రైఫిలు మీటను క్రిందికి లాగినచో, గొట్టము వెనుకనున్న ఉక్కుదిమ్మ నిలువుగ దిగి తూటాకు దారి యిచ్చును. మీటను మూసినంతనే పైకి లేచి దారిని బంధించును. పేలుడు వత్తిడిని ఆ దిమ్మయు, దానిని పట్టియున్న చట్రమును భరించును. ఈ కట్టుదిట్టము వలననే చిన్న తూటాకైనను, పెద్ద తూటాకైనను తగిన గొట్టమును బిగించుకొనుటకు వీలయ్యెను. ఇంత సులువైన ఏర్పాటు ఒక పల్లెటూరి దుకాణమున పుట్టుట విశేషమే.

అన్నదమ్ములు కలిసి అట్టివి సుమారు 600 చేసిరి. 1883లో వించెస్టరు సంస్థవారు ఆగ్డెన్ వచ్చి, 8,000 డాలర్లకు హక్కులు కొనిరి. 1885 మొదలు 1920 వరకు దాదాపు 1,40,000 తయారుచేసిరి. తన తొలి సృష్టి పరుల పేర చెల్లినను, చేసినదానినే మరల మరల చేయు శ్రమ బ్రౌనింగునకు తప్పెను. కొత్తవి కల్పించు తీరిక చిక్కెను. 1926లో బెల్జియములోని లియేజ్ కర్మాగారమున, పని నడుమనే గుండె ఆగి మరణించెను.