బాట వద్దన్న వనపాలకుడు

అడవిని సంరక్షించే ఉద్యోగి కలప కొట్టిస్తాడు, బాటలు వేయిస్తాడు. అది ఆ వృత్తిధర్మం. అయితే అడవిలో కొంత మేరకైనా బాటే ఉండరాదని పట్టుబట్టిన అటవీశాఖోద్యోగి ఒకడున్నాడు. ఆయనే ఆల్డో లియోపోల్డ్.

ఆయన 1887 జనవరి 11న అమెరికాలో, మిసిసిపీ నదీతీరాన ఉన్న బర్లింగ్టన్ పట్టణంలో జన్మించాడు. బాల్యంలో తండ్రి వెంట వేటకు తిరుగుతూ చెట్టునూ పిట్టనూ గుర్తించడం నేర్చాడు. యేల్ విశ్వవిద్యాలయంలో అటవీశాస్త్రం అభ్యసించి, 1909లో ప్రభుత్వోద్యోగిగా అరిజోనాలోని అపాచీ జాతీయారణ్యానికి వెళ్లాడు.

ఆనాడు తోడేలును చంపడం ప్రజోపకారంగా భావించేవారు. తోడేళ్లు నశిస్తే జింకలు వృద్ధి పొందుతాయని, వేటగాండ్రకు అదే స్వర్గమని లియోపోల్డ్ కూడా విశ్వసించాడు. ఒకనాడు సహచరులతో కలిసి, ఏరు దాటి వస్తున్న తల్లి తోడేలుపై కొండ అంచు నుండి తుపాకి పేల్చాడు. దగ్గరకు దిగి వచ్చేసరికి దాని కన్నులలో వెలుగు ఆరిపోతున్నది. ఆ దృశ్యం మనసున నాటుకున్నది గాని, దాని అర్థం బోధపడటానికి చాలా ఏండ్లు పట్టింది.

మొదటి ప్రపంచయుద్ధానంతరం అమెరికాలో మోటారు కార్లు విపరీతంగా పెరిగాయి. విహారయాత్రికుల సౌకర్యార్థం కొండ అడవులలో రోడ్లు వేయసాగారు. ఏకాంతం కోరి వచ్చేవారికై వేసిన రోడ్డే ఆ ఏకాంతాన్ని హరిస్తున్నదని లియోపోల్డ్ గ్రహించాడు. గుర్రాలపై సామానుతో రెండు వారాలు సంచరించగల విశాలారణ్యం కొంతైనా రోడ్లు, హోటళ్లు లేకుండా మిగలాలని 1921లో ఒక వ్యాసంలో వాదించాడు. మరుసటి ఏడు న్యూమెక్సికోలోని గీలా నది జన్మస్థానాన్ని అందుకు సూచించాడు. 1924 జూన్ 3న సుమారు 7,55,000 ఎకరాలు ఆ విధంగా ప్రత్యేకింపబడ్డాయి. ఉత్తరువు వెలువడేనాటికి ఆయన బదిలీపై విస్కాన్సిన్‌కు తరలిపోయాడు.

కాని పూర్వకర్మ వెన్నంటి వచ్చింది. తోడేళ్లు లేని గీలాలో జింకలు మితిమీరి పెరిగి పొదలన్నీ మేసివేశాయి. జింకలను తగ్గించాలంటే వేటగాండ్రు రావాలి. వారు రావాలంటే రోడ్డు కావాలి. పదేండ్లు తిరగకముందే ఆ అరణ్యం గుండా రోడ్డు పడింది. తాను కోరిన తోడేళ్ల నాశనమే తాను కాపాడిన అడవిని చీల్చింది. ఈ తప్పును ఆయన దాచుకోలేదు. తన రచనలలో స్వయంగా ఒప్పుకున్నాడు.

1933లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైనాడు. 1935లో సారం ఉడిగిన ఒక పొలాన్ని కొని, భార్యాబిడ్డలతో కలిసి ఏటా పైన్ మొక్కలు నాటాడు. తొలి ఏండ్ల మొక్కలు అనావృష్టికి మాడిపోయినా మానలేదు. 1948 ఏప్రిల్ 21న పొరుగువారి పొలంలో రేగిన మంటలను ఆర్పుతుండగా గుండె ఆగి కన్నుమూశాడు. ఆయన ప్రసిద్ధ గ్రంథం మరునాటి ఏడు వెలువడింది.

1964లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి 91 లక్షల ఎకరాల సహజారణ్యాలకు రక్షణ కల్పించింది. 1998లో, యువకుడైన లియోపోల్డ్ తోడేలును కాల్చిన ఆ అపాచీ అడవులలోనే, ప్రభుత్వం తోడేళ్లను తెచ్చి విడిచిపెట్టింది.