కాకర్ల త్యాగరాజు

కాకర్ల త్యాగరాజు (మే 4, 1767 - జనవరి 6, 1847) కర్ణాటక సంగీత త్రిమూర్తులలో ఒకడు, తెలుగు వాగ్గేయకారుడు. శ్యామశాస్త్రి, ముత్తుస్వామి దీక్షితులు ఈయన సమకాలికులు. జీవితమంతా తమిళదేశములో గడిపినప్పటికీ ఈయన రచనలలో అత్యధికము తెలుగులోనే ఉన్నాయి.

వంశము

త్యాగరాజు ములకనాటి తెలుగు బ్రాహ్మణ కుటుంబమునకు చెందినవాడు. ఈయన ఇంటిపేరు పశ్చిమ ప్రకాశం ప్రాంతములోని కాకర్ల గ్రామము నుండి వచ్చినది. ఈ గ్రామము మార్కాపురం, గిద్దలూరుల నడుమనున్న కంభమునకు సమీపమున, అర్ధవీడు మండలములో, నల్లమల కొండల చేరువలో ఉన్నది. త్యాగరాజుకు కొన్ని తరాల ముందే ఆయన పూర్వీకులు కావేరీ తీరమునకు తరలిపోయారు. ఆనాటి తంజావూరులో తెలుగువారికి కొరత లేదు. 1673 వరకు అక్కడ తెలుగు నాయక రాజులు పాలించగా, వారి తరువాత వచ్చిన మరాఠా రాజులు కూడ తెలుగు కవులను, గాయకులను పోషించారు. వర్షములు తక్కువగా కురిసే మెట్టనేల నుండి వెళ్ళిన కుటుంబమునకు అక్కడ భాష మార్చుకోవలసిన అవసరము కలుగలేదు.

బాల్యము, విద్య

తిరువారూరులో కాకర్ల రామబ్రహ్మము, సీతమ్మ దంపతులకు త్యాగరాజు జన్మించాడు. ఆ ఊరి దైవమైన త్యాగరాజస్వామి పేరే ఈయనకు పెట్టారు. తరువాత కుటుంబము తిరువయ్యారునకు మారినది. తల్లి పాడే పురందరదాసు కీర్తనలు బాల్యముననే ఈయన చెవిని పడినవి. తంజావూరు ఆస్థాన విద్వాంసుడు శొంఠి వేంకటరమణయ్య వద్ద సంగీతము అభ్యసించాడు. మొదటి భార్య పార్వతి మరణించగా ఆమె చెల్లెలు కమలాంబను వివాహమాడాడు. వీరికి సీతాలక్ష్మి అను కుమార్తె కలిగినది.

జీవన విధానము

త్యాగరాజు ఉంఛవృత్తితో జీవించాడు, అనగా వీధులలో కీర్తనలు పాడుతూ గృహస్థులు ఇచ్చిన బియ్యముతో ఇల్లు గడుపుకొన్నాడు. శరభోజీ మహారాజు (పాలన 1798-1832) ఆస్థానమునకు రమ్మని కబురు పంపగా నిరాకరించాడనియు, నిధి చాల సుఖమా అను కల్యాణి రాగ కీర్తన అప్పుడే పుట్టినదనియు చెప్పుకొంటారు. రాజాదరణ వదులుకొన్నందుకు కోపించిన అన్న, తమ్ముడు పూజించే విగ్రహములను కావేరిలో పారవేశాడను కథ కూడ బహుళ ప్రచారములో ఉన్నది. ఇవి శిష్యపరంపరలో మౌఖికముగా వచ్చినవి. సమకాలిక పత్రముల ఆధారము వీటికి లేదు. అయితే ఈయన ఏ ఆస్థానమునందును కొలువు చేయలేదన్నది నిస్సందేహము.

వయసు మళ్ళిన తరువాత కాంచీపురము, తిరుపతి, మద్రాసు, కోవూరు, తిరువొత్తియూరు, శ్రీరంగము మొదలగు క్షేత్రములను దర్శించి అక్కడి దేవతలపై కీర్తనలు రచించాడు. మరణమునకు కొద్దిగా ముందు సన్యాసము స్వీకరించాడు.

రచనలు

సుమారు 700 కీర్తనలు నేడు లభిస్తున్నవి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగములలోని అయిదింటిని ఘనరాగ పంచరత్నములు అంటారు. వీటిలో నాట కృతి సంస్కృతములోను, తక్కినవి తెలుగులోను ఉన్నవి. ప్రహ్లాద భక్తి విజయము, నౌకా చరిత్రము అను రెండు గేయనాటకములు కూడ రచించాడు. ఒకే సాహిత్య పాదమును క్రమముగా విస్తరింపజేస్తూ పాడే సంగతుల పద్ధతి స్థిరపడుటకు ఈయనే ముఖ్య కారకుడు. ఒక్క కృతి ద్వారానే ప్రాణము పోసుకొన్న అపూర్వ రాగములు కూడ అనేకము. తంజావూరు ఆస్థానములో అప్పటికే పాశ్చాత్య వాద్యబృందము ఉండేది. కొన్ని చిన్న కీర్తనలలో ఆ బాణీ ఛాయలు స్పష్టముగా వినిపించును.

కృతుల పరిరక్షణ

త్యాగరాజు కృతులు ప్రధానముగా ఉమయాళ్పురము, తిల్లైస్థానము, వాలాజాపేట శిష్యపరంపరల ద్వారా నిలిచినవి. వీరిలో వాలాజాపేట వేంకటరమణ భాగవతారు సౌరాష్ట్ర భాషీయుడు. ఆయన, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతారు వ్రాసి ఉంచిన తాళపత్రములు, కాగితపు ప్రతులు మధురలోని సౌరాష్ట్ర సభకు చేరినవి. కృష్ణస్వామి భాగవతారు నుండి విని ఎ.ఎం. చిన్నస్వామి ముదలియారు 1893 నాటికి కొన్ని కృతులను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేశాడు. పరంపరలను బట్టి పాఠభేదములు ఉన్నవి. ఒకే కృతికి వేర్వేరు రాగములు చెప్పుట కూడ కలదు. తెలుగు రాని గాయకుల నోట కొన్ని మాటలు రూపు మారిన మాట నిజమే గాని, వాటిని కాపాడినది కూడ వారే.

సమాధి, ఆరాధన

తిరువయ్యారులోని సమాధి కొంతకాలమునకు శిథిలమైనది. బెంగళూరు నాగరత్నమ్మ (1878-1952) తన సొంత ధనముతో అక్కడ మందిరము కట్టించినది. దీనికి 1921లో శంకుస్థాపన, 1925లో ప్రతిష్ఠ జరిగినవి. దేవదాసీ కుటుంబమున జన్మించిన ఆమెకు, స్త్రీ అను కారణమున, ఆరాధనోత్సవములో పాడుటకు నిర్వాహక వర్గములు అవకాశమివ్వలేదు. ఆమె స్త్రీలతో వేరుగా ఆరాధన నడిపినది. 1940 ప్రాంతమున వర్గములు ఏకమైన తరువాత స్త్రీలు, పురుషులు కలిసి పంచరత్నములు పాడుట ఆచారమైనది. పుష్య బహుళ పంచమినాడు ఈ ఆరాధన జరుగును. నాగరత్నమ్మ సమాధి త్యాగరాజు సమాధికి ఎదురుగానే ఉన్నది.