కచేరీ వేళలకు ఆవల: బ్రౌను దొర కాలవినియోగము

చార్లెస్ ఫిలిప్ బ్రౌను పేరు వినని తెలుగువాడు అరుదు. ఆయన నిఘంటువును మనలో అనేకులు చూచియే యుందురు. కాని దానిని కూర్చినవాడు పండితవృత్తిచే జీవించినవాడు కాడనియు, బదిలీలకును పై అధికారుల ఉత్తరువులకును లోబడి జీతము పుచ్చుకొన్న సర్కారు నౌకరనియు తరచుగా మరచుచుందుము. ఆయనకు అంతటి తీరిక ఎట్లు లభించెనన్నదే మనవంటి ఉద్యోగుల సంఘమునకు ఎక్కువ ఆసక్తికరమని నా తలంపు.

ఆయన 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. 1817లో చెన్నపట్టణము చేరి, వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చి, 1820లో పరీక్ష యందు నెగ్గి, కడప కలెక్టరునకు సహాయకుడుగా వెళ్లెను. తరువాత మచిలీపట్టణము, రాజమహేంద్రవరము మొదలగు చోట్ల పనిచేసెను. పగలెల్ల అర్జీలు, శిస్తు లెక్కలు, వ్యాజ్యముల విచారణ. ఇట్టివానికి తాళపత్రములతో ఏమి పని?

ఆయన తన కొక్కనికి చాలని పనిని తానొక్కడే మోయుటకు పూనుకొనలేదు. కడపలో బంగళా కొని, సొంత జీతముతో పండితులను, వ్రాయసకాండ్రను నియమించెను. వారు ఊరూర వ్రాతప్రతులు సేకరించి, ఒకే గ్రంథము యొక్క పలు ప్రతులను పోల్చి, పాఠము నిర్ణయించి, కాగితముల మీద శుద్ధప్రతి వ్రాయుచుండిరి. దొర తీరిక వేళల వానిని చదివి, సందేహములు తీర్చుకొని, నిఘంటువునకు మాటలు ఏరుకొనుచుండెను. ఆ బంగళా వ్యవహారములను అయోధ్యాపురము కృష్ణారెడ్డి చూచుచుండెను. దొరకు బదిలీ అయినను కడపలోని పని నిలువలేదు.

ఇంకొక విశేషము కలదు. కచేరీ పనిని ఆయన తన అభిరుచికి శత్రువుగా ఎంచలేదు. వ్యాజ్యములలోను, దస్తావేజులలోను దొరలిన పారసీక, హిందుస్థానీ మాటలను విడువక మిశ్రభాషా నిఘంటువుగా కూర్చెను. పండితులు కావ్యములందు వెదకని మాటలు ఆయనకు బోనులో నిలిచిన రైతు నోటనే దొరకెను! ఫైళ్లలోనే పగలు గడచిపోవుచున్నదని వగచు మనకు ఇది ఆలోచింపదగిన విషయము.

సెలవు సంగతియు చెప్పవలెను. ఇంగ్లండు వెళ్లిన ఆయన సుమారు మూడేండ్లు అక్కడ నుండెను. ఆ కాలమున లండనులోని ఇండియా హవుసు గ్రంథాలయమున దుమ్ము పట్టియున్న దక్షిణ దేశ భాషల వ్రాతప్రతులను చూచి, రెండు వేలకు పైబడిన వానిని చెన్నపట్టణమునకు చేర్పించెను. మన దీవులనుండి సెలవుపై ఓడలో స్వగ్రామము పోవువారికి, రాకపోకల దినములే ఎన్నియో కలిసివచ్చును. ఆ దినములలో మనము చేయునదేమి?

ఇదంతయు విని బ్రౌనును గుడ్డిగా అనుకరింపుడని నేను చెప్పను. ఆయన వివాహము చేసికొనలేదు. బిడ్డల చదువులు లేవు, ఇంటి సరకుల బాధ లేదు. పండితుల జీతముల కొరకు అప్పులపాలయ్యెను. అంతకంటె ముఖ్యముగా, ఆయన లెక్కలోని కాలమున జూలూరి అప్పయ్య, వఠ్యము అద్వైతబ్రహ్మయ్య వంటి పండితుల జీవితకాలమును కలసియున్నది. ముఖపత్రముపై వారి పేరు లేదు. నిఘంటువును మెచ్చుకొనునపుడు ఈ బాకీ గుర్తుంచుకొనుట న్యాయము.

2024లో శ్రీవిజయపురమని పేరు మారిన మన పోర్టు బ్లెయిరులో శీతకాలమున సాయంకాలము అయిదు గంటల వేళకే సూర్యుడు అస్తమించును. కచేరీ విడిచి ఇల్లు చేరునప్పటికి దీపాలవేళ. కాని ఆ దీర్ఘమైన రాత్రియే ఇచ్చట మనకు దక్కిన సొత్తు. బ్రౌను చదివినది విద్యుద్దీపము కింద కాదు.

1829లో వేమన పద్యములు, 1840లో తెలుగు వ్యాకరణము, 1852లో నిఘంటువు వెలువడినవి. కడపలో తొలి ఉద్యోగమునకును నిఘంటువునకును నడుమ ముప్పదిరెండేండ్లు గడచినవి. 1855లో ఆయన ఇంగ్లండు మరలెను. 1865లో లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడయ్యెను. 1884 డిసెంబరు 12వ తేదీన మరణించెను. కడపలో ఆయన బంగళా ఉండిన చోట నేడు ఆయన పేరిట గ్రంథాలయమున్నది.